ఓడిన మ్యాచ్‌లతో కృష్ణా డెల్టాలో

మన హైదరాబాదు దగ్గరున్న రెండు ఐపీఎల్ కప్పులూ బెంగళూరు చేతిలోంచి లాక్కున్నవే. 2009లో జొహానెస్‌బర్గ్‌లో డెక్కన్ ఛార్జర్స్ 6 పరుగులతో గెలిచింది. అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు అది. 2016లో సన్‌రైజర్స్ 8 పరుగులతో గెలిచింది, అదీ బెంగళూరువాళ్ళ సొంత మైదానం చిన్నస్వామిలో. 209 కొట్టాల్సిన మ్యాచ్‌లో గేల్, కోహ్లి ఒక్క వికెట్టూ పడకుండా 114 దాకా లాక్కొచ్చాక మనవాళ్ళు తిప్పేశారు. ఆ రాత్రి మనం కేకలు వేస్తుంటే బెంగళూరులో ఎన్ని ఇళ్ళల్లో అన్నం తినకుండా పడుకున్నారో. 2025 జూన్‌లో వాళ్ళకీ కప్పు వచ్చింది. వచ్చినందుకు నేను నిజంగా సంతోషించాను.

గెలిచిన ఆ రెండు రాత్రుల్లో ఏది గొప్పదని నన్నెవరూ అడగలేదు, నాకూ ఆ ఆలోచన రాలేదు. ఓడినవాటిని మాత్రం పదే పదే వరసలో పెట్టుకుంటాను. 2010లో డెక్కన్ ఛార్జర్స్ సెమీఫైనల్. ఆ జట్టు పోయి సన్‌రైజర్స్ వచ్చాక 2013, 2017, 2019 ఎలిమినేటర్లు, 2020లో అబుదాబి క్వాలిఫయర్, 2018, 2024 ఫైనళ్ళు. వీటిలో అన్నిటికన్నా బాధపెట్టింది ఏది? సన్‌రైజర్స్ అభిమానులు ఇద్దరు కలిస్తే కాసేపటికి మాట అక్కడికే చేరుతుంది.

2024 నవంబరులో, కార్తీక పౌర్ణమి వెళ్ళాక, ఈ ప్రశ్న పట్టుకుని విజయవాడలో గుడివాడ రైలెక్కాను. దిగువ కృష్ణా డెల్టానే ఎందుకంటే, ఇక్కడి వాళ్ళకు ఉప్పల్ స్టేడియం చాలా దూరం. ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఐపీఎల్ జట్టు లేదు. రాష్ట్రం రెండైనా హైదరాబాదు జట్టునే తమదనుకున్నారు. బందరు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుంటే తప్ప చూడలేని జట్టును టీవీలో చూసే ప్రేమించారు. మైదానానికి వెళ్ళినవాడికి మ్యాచ్ పోయినా జనం, సందడి, స్నేహితులతో తిరుగు ప్రయాణం మిగులుతాయి. ఇంట్లో కూర్చుని చూసినవాడికి టీవీ ఆపేశాక ఏమీ మిగలదు. అలాంటి వాళ్ళ మాట వినాలనిపించింది.

కార్తీకంలో ఈ దారి చూసి తీరాలి. ఉప్పులూరు దాటిన దగ్గర్నుంచి రెండు వైపులా పండిన వరి. కొన్ని చేలల్లో కోత మిషన్లు దిగాయి, కొన్నిచోట్ల పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. రోడ్డు కనబడిన చోటల్లా ఓ పక్క ధాన్యం ఆరబోసి ఉంది. నా ఎదురు సీట్లో ఇందుపల్లిలో దిగాల్సిన రైతు ఒకాయన ఫోన్‌లో వాతావరణం చూస్తూనే ఉన్నాడు. అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, ఈ డెల్టాలో నిద్రలు పోతాయి. ఏడాదంతా పెట్టుబడి పెట్టి, నీళ్ళు కట్టి, తెగుళ్ళు కాచుకుని, కోతకు ఇంకో వారం ఉందనగా గాలివాన కొట్టడం ఇక్కడ ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. క్రికెట్ చూస్తారా అని అడిగితే, "చూస్తాం గానీ, చివరి ఓవర్లు నేను చూడనండీ, బయటికెళ్ళిపోతా" అన్నాడు.

గుడివాడ జంక్షన్‌లో రైలు మార్గం రెండుగా చీలుతుంది, ఒకటి భీమవరం వైపు, ఒకటి బందరు వైపు. ఎన్టీ రామారావు పుట్టిన నిమ్మకూరు, అక్కినేని పుట్టిన రామాపురం రెండూ ఈ చుట్టుపక్కలవే. ఇక్కడ ఇద్దరు హీరోల అభిమానులూ ఒకే వీధిలో కాపురముంటూ తరాలుగా వాదించుకున్నారు. ఏది గొప్ప, ఏది తక్కువ అని తేల్చుకోవడం ఈ ఊరికి బాగా అలవాటు. సాయంత్రం ఎన్టీఆర్ స్టేడియంలో ఓ పక్క నడకకు వచ్చిన పెద్దవాళ్ళు, ఓ పక్క టెన్నిస్ బంతితో కుర్రాళ్ళు. అక్కడ రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయనతో పరిచయమైంది. నా ప్రశ్న విని నవ్వలేదు. చాలాసేపు ఆలోచించారు.

"మీ సన్‌రైజర్స్‌వి కుర్ర ఓటములు బాబూ. నాకు 1996 మార్చి 13" అన్నారు.

ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్, శ్రీలంకతో. కెప్టెన్ మన హైదరాబాదు అజరుద్దీన్. టాస్ గెలిచి శ్రీలంకకు బ్యాటింగ్ ఇచ్చాడు. శ్రీనాథ్ మొదటి ఓవర్‌లోనే జయసూర్య, కలువితరణ ఇద్దర్నీ పంపేశాడు. ఆ ఓవర్ అయ్యేసరికి మా వీధిలో టపాకాయలు కాల్చారని మాస్టారు చెప్పారు. శ్రీలంక అక్కణ్ణుంచి తేరుకుని 251 చేసింది. మనం ఒక వికెట్‌కు 98 దాకా వెళ్ళాం. సచిన్ 65 దగ్గర స్టంపౌట్ అయ్యాడు, దాంతో ఆట తిరగబడింది. 120కి 8. జనం సీసాలు విసిరి, సీట్లకు నిప్పంటిస్తే రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. కాంబ్లి ఏడుస్తూ బయటికి నడిచాడు.

"ఓడిపోయినందుకు కాదయ్యా, మ్యాచ్ పూర్తి కాకుండా పోయినందుకు" అన్నారు మాస్టారు. "మిగిలిన రెండు వికెట్లూ పడి ఓడినా బాగుండేది. లెక్క చివరిదాకా చెయ్యనివ్వలేదు."

ఆయన కొడుకు బోస్టన్ దగ్గర ఉంటాడు. గుడివాడలో అమెరికా బంధుత్వం లేని వీధి దొరకడం కష్టం. మాస్టారు అక్కడికెళ్ళినప్పుడు మనవడి పక్కన కూర్చుని బేస్‌బాల్ నేర్చుకున్నారు. బిల్ బక్నర్ కథ ఆయన నోటే విన్నాను. 1986 అక్టోబరు 25న న్యూయార్క్‌లో వరల్డ్ సిరీస్ ఆరో ఆట. అప్పటికి 1918 తర్వాత కప్పు ముఖం చూడని బోస్టన్ రెడ్ సాక్స్ రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు వాళ్ళదే. అక్కణ్ణుంచి న్యూయార్క్ మెట్స్ స్కోరు సమం చేసింది. తర్వాత మెల్లగా దొర్లుకుంటూ వచ్చిన బంతి బక్నర్ కాళ్ళ సందులోంచి పోయింది. ఆ ఆట పోయింది, ఏడో ఆటా పోయింది.

"గమనించావా, బంతి వదిలేసరికి స్కోరు అప్పటికే సమం. అతను పట్టుంటే ఆట ఇంకా సాగేదే గానీ కప్పు ఖాయం కాదు. అయినా నింద అతనికే. లెక్క ప్రకారం అది తప్పు." మాస్టారి గొంతులో నిజమైన కోపం. 2004లో బోస్టన్ కప్పు గెలిచాక, 2008లో బక్నర్‌ను బోస్టన్ మైదానానికి పిలిచి మొదటి బంతి వేయిస్తే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళు పట్టింది. ఈ మాట నన్ను బందరు దాకా వెంటాడింది. మన జాబితాలోనూ అలాంటి పేర్లున్నాయి. ప్రతి ఓటమికీ ఒక ఓవర్, ఆ ఓవర్‌కు ఒక మనిషి. వాళ్ళలో ఎవరినైనా పిలిచి మనం చప్పట్లు కొట్టామా?

గుడివాడ నుంచి బందరు రైలు నిదానంగా పోతుంది. గుడ్లవల్లేరు, కౌతరం, పెడన. కలంకారీ అద్దకం పెడనకు బతుకుతెరువు. చిలకలపూడికి రోల్డుగోల్డు నగలు. ఆ స్టేషన్ దాటితే ఇక బందరే.

క్రికెట్ మనిషికి బందరు అంటే సీకే నాయుడు. నాగపూర్‌లో పుట్టిన ఆయన పూర్వీకులది బందరేనని ఇక్కడివాళ్ళు గట్టిగా చెబుతారు. ఆటగాడిగా చివరి రోజుల్లో, ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ ఆడినప్పుడు ఆయనే కెప్టెన్. కానీ నేను కోనేరు సెంటర్‌లో నిలబడి తలచుకున్నది 1932 జూన్ 25ను. లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టు, కెప్టెన్ సీకే. నిసార్, అమర్‌సింగ్ బౌలింగ్ చేస్తుండగా ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో ఉన్న దేశం లండన్ నడిబొడ్డున వాళ్ళను 19కి 3 చేసింది! ఆ రోజు ఆ స్కోరు విన్నవాడి గుండె ఎంత ఎగిరి ఉంటుందో నాకు తెలుసు, 1996 మొదటి ఓవర్‌లాగే. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా సీకే మొదటి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 40 కొట్టాడు. చివరికి 158 పరుగులతో ఓడిపోయాం. మన టెస్టు చరిత్ర ఒక ఆశతో, వెంటనే ఒక ఓటమితో మొదలైంది. ఆ జట్టును నడిపినవాడి ఊరిలో నా ప్రశ్న వేయడం నాకు చాలా సహజంగా అనిపించింది.

బందరు లడ్డూ గురించి రాయను, తెలియనివాళ్ళు లేరు.

చిలకలపూడిలో నగలకు రాళ్ళు అతికే పని చేసే ఇంట్లో, డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె సన్‌రైజర్స్ మీద నాకు తెలియని సంగతులు కూడా చెప్పింది. ఆమెకు సందేహమే లేదు. "2024 అండీ. ఇంకోటి చెప్పేవాళ్ళు ఆ ఏడాది మ్యాచ్‌లు చూడలేదన్నమాట."

ఆ ఏడాది మార్చి 27న ముంబై మీద 277. ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287, ఐపీఎల్ మొత్తంలో అదే పెద్ద స్కోరు. ఢిల్లీ మీద మొదటి 6 ఓవర్లలోనే 125, ఒక్క వికెట్ పడకుండా. లక్నో ఇచ్చిన 166 లక్ష్యాన్ని హెడ్, అభిషేక్ ఇద్దరే 9.4 ఓవర్లలో ఊదేశారు. అంతకు ముందు సన్‌రైజర్స్ అంటే తక్కువ స్కోరు చేసి బౌలింగ్‌తో కాపాడుకునే జట్టు. ఒక్క ఏడాదిలో అది మరో జట్టయిపోయింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉత్తమ వర్ధమాన ఆటగాడిగా ఎంపికయ్యాడు. రాళ్ళు అతికే బల్ల మీద ఫోన్ నిలబెట్టుకుని ఇంటిల్లిపాదీ చూశారట. చెన్నైలో మే 26న ఫైనల్. కమిన్స్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. మొదటి ఓవర్‌లోనే స్టార్క్ బంతికి అభిషేక్ స్టంప్ ఎగిరింది. రెండో ఓవర్‌లో హెడ్ ఆడిన మొదటి బంతికే కీపర్‌కు క్యాచ్. 18.3 ఓవర్లలో 113కి ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లోనే అతి తక్కువ స్కోరు. అందులో ఎక్కువ కొట్టింది కెప్టెన్ కమిన్స్, 24. కోల్‌కతా 10.3 ఓవర్లలో ముగించేసింది.

"జట్టు ఓనరు కావ్య మారన్ గారు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు చూశారా, అప్పుడు మా అమ్మ కూడా ఏడ్చింది. మా అమ్మకి క్రికెట్ తెలీదు" అంది ఆ అమ్మాయి.

ఆమె బాధను నేను తక్కువ చేయను. కానీ ఆమె తీర్పుతో ఏకీభవించను, ఆ మాట అక్కడే చెప్పాను. 2024 ఫైనల్‌లో ఆశ రెండో ఓవర్‌కే చచ్చిపోయింది. అక్కణ్ణుంచి మిగిలిందంతా అంత్యక్రియలే. పైగా అయిదు రోజుల ముందు అహ్మదాబాద్ క్వాలిఫయర్‌లో ఇదే కోల్‌కతా, ఇదే స్టార్క్ రెండో బంతికే హెడ్‌ను సున్నాకు పంపాడు. మనం చూసింది రెండోసారి. నమ్మకం నిలబడి, పెరిగి, చేతికి అందేంత దగ్గరికొచ్చి తెగిపోతే ఆ నొప్పి వేరు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "287 కొట్టినోళ్ళు 113కి అయిపోతే నమ్మకం తెగినట్టు కాదా అండీ? నాకు ఏడాదంతా కట్టుకున్న నమ్మకం అది, ఒక్క మ్యాచ్‌ది కాదు." ఆ మాటలో బలముంది. దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

బందరు నుంచి అవనిగడ్డ బస్సు చల్లపల్లి కోట పక్కనుంచి, మోపిదేవి గుడి ముందునుంచి పోతుంది. కార్తీకమాసం కావడంతో మోపిదేవిలో బస్సు నిండా దీపాలబుట్టలు, అరటిపళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య సముద్రం దాకా ఉన్న దీవే దివిసీమ. కాలువ నీళ్ళను నది మీదుగా దీవిలోకి దాటించే పులిగడ్డ అక్విడెక్టు లేకపోతే ఇక్కడ ఈ పచ్చదనం ఉండేది కాదు.

అవనిగడ్డలో ఒక వింత ఉంది, బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ఈ చిన్న ఊళ్ళో అన్ని జిల్లాల యాసలూ వినిపిస్తాయి. డీఎస్సీ కోచింగ్‌కు పేరుపడ్డ ఊరిది. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి వచ్చిన వాళ్ళు గదులు అద్దెకు తీసుకుని, మెస్‌లలో తింటూ చదువుతారు. నేను వెళ్ళినప్పుడు పదహారు వేల పైచిలుకు పోస్టులతో మెగా డీఎస్సీ అని ప్రకటన వచ్చి నెలలు దాటినా నోటిఫికేషన్ రాలేదు. అందరూ దాని కోసమే కాచుకుని ఉన్నారు. అర మార్కుతో పోస్టు పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ ప్రతి గదిలోనూ ఉంటారు. ఓటమిని దశాంశాల్లో కొలవగలిగే వాళ్ళు.

మెస్ దగ్గర శ్రీకాకుళం కుర్రాడొకడు 2019 అన్నాడు. అతను ఆ మ్యాచ్‌కు స్వయంగా వెళ్ళాడు. మే 8, విశాఖపట్నం. మన ప్లేఆఫ్ ఓటముల్లో ఆంధ్ర గడ్డ మీద జరిగింది అదొక్కటే. ఆ ఏడాది 12 పాయింట్లతోనే సన్‌రైజర్స్ ప్లేఆఫ్‌కు చేరింది, అంత తక్కువ పాయింట్లతో అప్పటిదాకా ఎవరూ చేరలేదు. 692 పరుగులు కొట్టిన వార్నర్, అతని జోడీ బెయిర్‌స్టో ఇద్దరూ ప్రపంచకప్ కోసం వెళ్ళిపోయారు. అయినా 162 చేశారు. ఢిల్లీకి 18 బంతుల్లో 34 కావాలి. థంపి ఓవర్‌లో పంత్ దంచేశాడు, 22 పరుగులు. తర్వాతి ఓవర్‌లో భువనేశ్వర్ పంత్‌ను 49 దగ్గర ఔట్ చేసి మళ్ళీ ప్రాణం పోశాడు. చివరి ఓవర్‌లో 5 కావాలి. ఖలీల్ వేస్తున్నాడు. అమిత్ మిశ్రా స్టంప్స్‌కు అడ్డంగా పరుగెత్తినందుకు ఔటిచ్చారు. రెండు బంతులు మిగిలాయి. కీమో పాల్ ఫోర్ కొట్టాడు.

"భయ్యా, రెండు వికెట్లు, ఒక్క బంతి. దానికన్నా దగ్గరగా ఓడడం కుదరదు. బస్టాండ్‌కి నడుచుకుంటూ ఒక్కళ్ళమూ మాట్లాడలేదు" అన్నాడు. పక్కనున్న అనంతపురం అతను "2017 మరి?" అని అందుకున్నాడు. బెంగళూరులో వాన. 128 చేసి కూర్చుంటే, అర్ధరాత్రి దాటి ఒంటిగంట అవుతుండగా కోల్‌కతాకు 6 ఓవర్లలో 48 అన్నారు. 12 పరుగులకే 3 వికెట్లు తీసినా గంభీర్ నిలబడి కొట్టేశాడు. వానే పూర్తిగా పడి ఆట రద్దయి ఉంటే, పట్టికలో పైన ఉన్నందుకు మనమే ముందుకెళ్ళేవాళ్ళం. అతనికి ఆ ఓటమి కన్నా ఆ వాన ఆగడం ఎక్కువ బాధ. 2013, 2020ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మొదటిది కొత్త జట్టు మొదటి ఏడాది, రెండోది కరోనా కాలంలో జనంలేని స్టేడియంలో విలియమ్సన్ ఒంటరి పోరాటం. అవి కూడా ఓటములే గానీ ఎవరి మనసులోనూ పాతుకుపోలేదు.

నాగాయలంక చేరింది నవంబరు 19న. ఆ తేదీని నేను కావాలనే ఎంచుకున్నాను. 2023 నవంబరు 19, అహ్మదాబాద్. పది మ్యాచ్‌లు వరసగా గెలిచి ప్రపంచకప్ ఫైనల్‌కు వచ్చిన భారత్ 240కి ఆలౌట్ అయింది. రోహిత్ 47 దగ్గర కొట్టిన బంతిని హెడ్ వెనక్కి పరుగెత్తి పట్టాడు. తర్వాత అదే హెడ్ 137 కొట్టాడు. 6 వికెట్లతో ఆస్ట్రేలియా గెలిచింది. దేశంలో చాలామందికి నవంబరు 19 అంటే ఇక అదే.

దివిసీమలో అలా కాదు. 1977 నవంబరు 19 ఇక్కడ ఉప్పెన వచ్చిన రోజు. సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఇంకా ఎన్నో ఊళ్ళు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మంది దాకా చనిపోయారు, అంతకన్నా ఎక్కువేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఎన్టీఆర్, అక్కినేని కలిసి జోలె పట్టి ఊరూరా విరాళాలు అడిగారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఈ సీమను మళ్ళీ నిలబెట్టడానికి పడ్డ శ్రమను వృద్ధులు నేటికీ చెప్పుకుంటారు. ప్రతి ఏటా ఆ రోజు స్మారక స్తూపాల దగ్గర దండలు వేస్తారు.

నాగాయలంకలో నది ఒడ్డున పడవలు కట్టే చోట ఒక పెద్దాయన వలకు ముడులు వేస్తున్నాడు. ఉప్పెన నాటికి పిల్లవాడు. తల్లినీ, ఇద్దరు చెల్లెళ్ళనూ పోగొట్టుకున్నాడు. తాడిచెట్టు పట్టుకుని బతికిన కథ ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. 2023 రాత్రి గురించి ఆయనే అన్నాడు. ఆయన మనవడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ రాత్రి మ్యాచ్ అయిపోయాక వాడు గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడట. ఇంట్లోవాళ్ళు, ఈ రోజు ఏ రోజో తెలుసా, దేనికి ఏడుస్తున్నావురా అని కసిరారు.

"నేనే ఆపాను బాబూ. ఏడవనీయండి అన్నాను. ఆడిది ఆడికి. పక్కన కూచున్నా కాసేపు."

ఏది పెద్ద బాధ అన్న మాట ఆయన దగ్గర ఎత్తలేదు. నా ప్రశ్న ఆట హద్దుల్లో ఉన్నంతవరకే ప్రశ్న, ఆ గీత ఎక్కడుందో దివిసీమకు వస్తే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కానీ ఆయన మనవడి కన్నీళ్ళను ఎగతాళి చేయకపోవడం నాకు ధైర్యమిచ్చింది.

మనవడు నన్ను బస్టాండ్ దాకా దిగబెడతానని బండి తీశాడు. బస్సుకు టైముంది. అప్పుడు అతనికి నాది చెప్పాను. 2018. ఫైనల్ కాదు, మే 22, వాంఖడేలో మొదటి క్వాలిఫయర్.

బాల్ ట్యాంపరింగ్ గొడవలో వార్నర్ దూరమైతే విలియమ్సన్ కెప్టెనయ్యాడు, 735 పరుగులు కొట్టాడు. ఆ ఏడాది మన బలం బౌలింగ్. ఏప్రిల్ 24న ఇదే వాంఖడేలో 118కి ఆలౌటై కూడా ముంబైని 87కే చుట్టేశాం. రెండు రోజులకే పంజాబ్ మీద 132ను కాపాడుకున్నాం. పట్టికలో మొదటి స్థానం మనది. చెన్నై మీద ఆ రోజు 139 చేశాం. బ్రాత్‌వైట్ చివర్లో 29 బంతుల్లో 43 కొట్టి అంతదాకా తెచ్చాడు. రషీద్ 4 ఓవర్లలో 11 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. చెన్నై 62కే 6 వికెట్లు. చివరి 3 ఓవర్లలో వాళ్ళకు 43 కావాలి. ఏడాదంతా ఇలాంటివే గెలిచాం. ఆ క్షణాన నేను అనుమానించలేదు, అసలు భయమే లేదు. బ్యాటుతో 43 తెచ్చిన ఆ బ్రాత్‌వైట్ చేతికే బంతి ఇచ్చారు. 20 పరుగులు పోయాయి. సిద్ధార్థ్ కౌల్ ఓవర్‌లో శార్దూల్ ఠాకూర్ ఫోర్లు కొట్టాడు, 17. ఆఖరి ఓవర్ మొదటి బంతికే డుప్లెసిస్ సిక్స్.

అయిదు రోజుల తర్వాత ఫైనల్‌లో 178 చేసినా, వాట్సన్ మొదటి పది బంతులకు ఒక్క పరుగూ చేయకపోయినా, నాకు ఆ మే 22 మనసులోంచి పోలేదు. వాట్సన్ 57 బంతుల్లో 117 కొడుతుంటే అవతలి ఎండ్‌లో చివరిదాకా నిలబడింది గుంటూరువాడు అంబటి రాయుడు. అది ఇంకో ముల్లు. అయినా ఫైనల్‌లో మనల్ని ఓడించింది వాట్సన్ గొప్పదనం. క్వాలిఫయర్‌లో ఓడింది మనం దేని మీద బతికామో ఆ బౌలింగే. అందుకే నాకు అది మొదటిది. ఆ బౌలర్లలో ఎవరి మీదా నాకు కోపం లేదు, మాస్టారు చెప్పిన బక్నర్ కథ విన్నాక అసలే లేదు. బ్రాత్‌వైట్ ఆ 43 కొట్టకపోతే కాపాడుకోవడానికి 139 కూడా ఉండేది కాదు.

కుర్రాడు అంతా విని, "అన్నా, రషీద్‌కి ఒక ఓవర్ ఆపి ఉండాల్సింది అంటారా?" అన్నాడు.

"అంటాను. చివరి మూడిట్లో ఒక్కటి అతనిదై ఉంటే గెలిచేవాళ్ళం."

"కుదరదన్నా. అతను ముందే వెయ్యబట్టే కదా 62కి 6 అయింది. ఆపి ఉంటే డుప్లెసిస్‌కి తోడుగా ధోనీయో బ్రావోనో ఉండేవాళ్ళు, 43 కాదు, 20 కొట్టాల్సి వచ్చేది. తప్పు అక్కడ లేదు. మనం 139 దగ్గర ఆగిపోవడంలో ఉంది. ఇంకో పదిహేను ఉంటే చాలు."

"118 కాపాడుకున్న జట్టుకి 139 తక్కువా?"

"ముంబై జట్టులో డుప్లెసిస్ లేడు కదన్నా" అన్నాడు. అవనిగడ్డ బస్సు వచ్చి నిలబడింది, నేను ఎక్కాక కూడా కిటికీ కింద నిలబడి, భువనేశ్వర్ 19వ ఓవర్ వేసి ఉంటే ఆఖరి ఓవర్‌కి ఎవరు ఉండేవాళ్ళో ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వస్తున్నాడు.